లాగని తాడు

శ్రీ సిటీ నుంచి తిరుపతికి వచ్చే కంపెనీ బస్సులో ఎడమవైపు నాలుగో సీటు ప్రసన్నకుమారిది. పక్క సీటు లోహితది. ఇద్దరూ ఫ్యాక్టరీలో ఒకే లైనులో పనిచేస్తారు. ఆ శుక్రవారం లోహిత ఫోను బస్సంతా తిరిగింది. ఆమె గోడ ఎక్కుతున్న వీడియో అందులో ఉంది.

"ఏమే, బల్లి మాదిరి పాకినావు కదే!" అంది వెనక సీటు పంకజాక్షి.

"అంతా అక్క నేర్పించిందే" అంది లోహిత.

ప్రసన్నకుమారి కిటికీ వైపు తిరిగింది. ఆ వీడియో తీసినప్పుడు కింద తాడు పట్టుకున్నది ఆమె. అందులో ఆమె భుజం మాత్రమే పడింది.

తిరుపతిలో గోడ ఎక్కే ఆట నేర్పే ఒక గోడౌనులో ఆ గోడ ఉంది. ఎత్తు ముప్పై ఐదు అడుగులు. ఎక్కే మనిషి నడుముకు కట్టిన తాడు పైనున్న కడ్డీ మీదుగా కిందికి వస్తుంది. కింద మరొకరు దాన్ని తమ నడుము పట్టీకి ఉన్న బిగింపులోంచి పట్టుకుని నిలబడతారు. దీన్ని బిలే అంటారు. పై మనిషి ఎక్కేకొద్దీ కింది మనిషి తాడు లాగుతూ ఉండాలి. పై మనిషి జారితే ఆపేది ఆ తాడే.

ప్రసన్నకుమారి రెండేళ్లుగా ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా అక్కడికి వెళ్తోంది. లోహితను ఐదు నెలల కిందట ఆమే తీసుకెళ్లింది. మొదటి నెల లోహిత పది అడుగులు దాటలేదు. అప్పుడు ప్రసన్నకుమారి ఓపిగ్గా నేర్పింది. మూడో నెలలో లోహిత ఆమెను దాటింది. రాష్ట్ర పోటీకి పంపే ఒక్క పేరుగా శిక్షకుడు ఇమ్మానుయేల్ లోహిత పేరు రాశాడు. అందరికంటే ముందు అభినందించింది ప్రసన్నకుమారి. ఆ సాయంత్రం తలనొప్పి అని తల్లికి చెప్పి అన్నం మానేసింది.

ముక్కూ మొహం తెలియని మనిషి పైకి వస్తే మనకు నిద్ర చెడదు. మనం వెంటబెట్టుకొచ్చిన మనిషి వస్తే చెడుతుంది.

గోడ మీద చేత్తో పట్టుకునే పసుపు రంగు పట్లతో ఒక దారి ఉంది. అందులో నేలకు దగ్గరలోనే ఒక పట్టును ఎగిరి అందుకోవాలి. రెండేళ్లలో ప్రసన్నకుమారికి అది అందలేదు. బస్సులో వీడియో తిరిగాక వచ్చిన ఆదివారం లోహిత దాన్ని ఎగిరి అందుకుంది. గోడౌనులో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆమె ఎగిరినంత మేరా తాడు వదులైంది. కింద తాడు లాగాల్సిన ప్రసన్నకుమారి చేతులు లాగలేదు. లోహిత పట్టు జారింది. తొమ్మిది అడుగుల నుంచి పడి నేలను తాకాకే తాడు బిగిసింది.

ఇమ్మానుయేల్ పరుగెత్తుకొచ్చాడు. "తాడు సాగినట్టుండాది. పాతది. మార్చాల" అన్నాడు. ప్రసన్నకుమారి వంగి లోహిత నడుముకున్న తాడు విప్పింది.

చీలమండ ఎముక చీలిందని ఎక్స్‌రేలో తేలింది. మర్నాడు ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరులో కట్టు కట్టించారు. పోటీకి ఇరవై రోజులే ఉన్నాయి. ఈసారికి నువ్వు పొమ్మని ఇమ్మానుయేల్ ప్రసన్నకుమారితో అన్నాడు. ఆమె సరేనంది.

ఆ బుధవారం ఆమె బత్తాయిలు తీసుకుని లోహిత ఇంటికి వెళ్లింది. లోహిత తల్లి మునిలక్ష్మి ఆమె చేతులు పట్టుకుంది. "నువ్వు తాడు పట్టుకోబట్టి సరిపోయింది పాపా. లేకుంటే నా బిడ్డ ఏమయ్యుండునో" అంది.

లోహిత మంచం కింద నుంచి సంచి లాగింది. అందులో గోడ ఎక్కే బూట్లు ఉన్నాయి. "పోటీకి నువ్వు పోతావంట గదక్కా. ఇవి ఏసుకోని పో. నీకు సరిపోతాయి."

ప్రసన్నకుమారి సంచి అందుకుంది. ఒళ్లో పెట్టుకుంది.

"తాడు సాగలేదు లోహితా. నేను లాగలేదు."

"ఏమి?"

"నీకు ఆ పట్టు అందింది. అందరూ చప్పట్లు కొట్టినారు. నాకు చేతులు ఆడలేదు."

"కావాలనే చేసినావా?"

"నువ్వు పడాలని అనుకోలేదు. కానీ లాగాలని తెలుసు. తెలిసీ నిలబడినాను."

వంటింట్లోంచి వస్తున్న మునిలక్ష్మి గుమ్మంలో ఆగిపోయింది. లోహిత కట్టు వైపు చూసుకుంది.

"ఆ బూట్లు ఆడ పెట్టి పోక్కా" అంది.

ఆదివారం గోడౌనులో ప్రసన్నకుమారి అదే మాట అందరి ముందు చెప్పింది. పోటీకి వెళ్లనంది. గిరిప్రసాద్ అనే కుర్రాడు లేచాడు. "ఇట్లాంటిదాన్ని లోపలికి రానీగూడదు సార్."

"కూచో అబ్బా" అన్నాడు ఇమ్మానుయేల్. "తాడు పట్టుకోని ఫోను సూసినోళ్లు చెయ్యెత్తండి."

నాలుగు చేతులు లేచాయి. చివరిది గిరిప్రసాద్‌ది.

"తాడు సూడకుండానే సాగిందని చెప్పినాను నేను. అదీ తప్పే. ఈ పాప దాచుంటే మనం మంచి తాడు పారేసుందుము. లాగని చెయ్యి ఈడనే లాగడం నేర్చుకోవాల."

ఆయన ఇసుక మూటను తాడుకు కట్టి పైకి ఎత్తించాడు. చెప్పకుండా వదిలేవాడు. దాన్ని ప్రసన్నకుమారి పట్టి ఆపాలి. తొమ్మిది వారాలు ఆమె గోడ ఎక్కలేదు. మూటే పట్టింది. పోటీకి ఆ గోడ నుంచి ఎవరూ వెళ్లలేదు. బస్సులో లోహిత సీటు ఖాళీగా వచ్చేది.

పదో వారం లోహిత వచ్చింది. ఒక మూలన కూర్చుని, మూట పడటం, ఆగటం ఇరవై సార్లు చూసింది. తర్వాత మూట విప్పి, ఆ తాడు తన నడుముకు కట్టుకుంది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"ఇంకా కుళ్లు ఉండాదా నా మీద?"

ప్రసన్నకుమారి తల ఎత్తింది.

"ఉండాది."

"ఉంటే ఉండనీ. నువ్వు లాగతా ఉండు."

లోహిత పసుపు పట్టు మీద చెయ్యి వేసింది. కింద తాడు కదిలింది. ఆమె ఎక్కినంత మేరా కదులుతూనే ఉంది.

తోటివారు ఎదుగుతుంటే మనసు కుంగడం మన అదుపులో లేకపోవచ్చు. వారి తాడు మన చేతికి వచ్చినప్పుడు లాగడం, లాగని రోజున ఆ సంగతి మన నోటితో మనమే చెప్పడం మాత్రం మన పనే.