ప్రమాదమని తేలింది, అభినందనలు!

సియోల్‌లో మేముండే ఐదంతస్తుల బిల్డింగు కూలిపోయేలా ఉందని ఇంజనీర్లు తేల్చేశారు. ఆ మాట వినగానే ఫ్లాట్ల ఓనర్లంతా చప్పట్లు కొట్టారు. ప్రమాదమని తేలితేనే పడగొట్టి పెద్దది కట్టుకోనిస్తారు మరి!

నేను అద్దెకున్నదాన్ని. స్లాబు కారుతోందని ఏళ్ల తరబడి మొత్తుకుంటే మా ఓనరు పిల్‌రే, "కారనీవే, కారితేనే మంచిది" అనేది. నా మట్టిబుర్రకి అప్పుడెక్కలేదు.

ఇవాళ ఆవిడ ఇంటింటికీ పంచుతూ నాకూ వేడివేడి బియ్యప్పిండి కేకు తెచ్చింది. వెనకాల ఇద్దరు పెద్ద బ్యానరు మోసుకొచ్చారు: "మన బిల్డింగు ప్రమాదమని తేలింది, అభినందనలు!"

"రోడ్డువైపున్నది నీ కిటికీయే. చువ్వలకి కట్టుకుంటాం, ఏమనుకోకు."

"కొత్తది ఎన్ని అంతస్తులక్కా?"

"ముప్పై ఐదు! ఎంతమందికి ఇళ్లొస్తాయో!"

"మరి నాకు?"

"అద్దెకున్నదానివి, నీకెక్కడ వస్తుందే? ఊరి బయట చూసుకో. ముందు కేకు తిను, చల్లారిపోతుంది."

ఐదంతస్తుల్లో నాకు చోటుంది. ముప్పై ఐదంతస్తుల్లో లేదట! ఆవిడ చెంప పగలగొట్టాలనిపించింది. తాడు బిగించమంటే మాత్రం బిగించాను.

బ్యానరు కిటికీ మొత్తం కప్పేసింది. పట్టపగలే లైటు వేసుకుని, ఆ కేకు తిన్నాను.