ఐమూల గుడ్డ

ఎవరేమనుకున్నా సరే, ఆ చుక్కానిని కోసి పారేసింది నేనే. అమావాస్య పోటు చేజారిపోయింది, పడవ ఓనరు ఫోన్లో నానా మాటలూ అన్నాడు, నవాగామ్‌లో మా గల్లీ గల్లీ అంతా నవ్వింది. నవ్వనీ. రేపు మళ్ళీ అలాంటిదే నా ముందుకొస్తే మళ్ళీ కోత గ్రైండర్ పట్టుకుంటాను.

మాది సిరిసిల్ల వైపు. మా బాపు నరహరి, నేను పుట్టకముందే ఇక్కడికి వలసొచ్చి, పర్వత్ పాటియాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. ఆ చప్పుడులో బతకనని మొండికేసి నేను తాపీ నది ఒడ్డున ఫైబర్ షెడ్డులో చేరాను. గాజుదారంతో నేసిన గుడ్డను అచ్చులో పరిచి, రెజిన్ జిగురు పూసి గట్టిపడనివ్వడం మా పని. నీళ్ళ ట్యాంకులైనా పడవలైనా అంతే. "గాజుదైతే ఏంది, గుడ్డ గుడ్డే గద బిడ్డా," అంటూ సెలవు దొరికినప్పుడల్లా బాపు వచ్చి కూర్చునేవాడు. చూసి చూసి ఆ పనీ నేర్చేసుకున్నాడు.

ఆ షెడ్డు వెనక కాలువలోకి ఒక కటమరాన్‌ను లాక్కొచ్చారు. రెండు పొట్టల తెరచాప పడవ, ఒక్కో పొట్ట వెనక ఒక్కో చుక్కాని. తాపీ సముద్రంలో కలిసే చోట, నీళ్ళు తగ్గుతుండగా ఇసుక మేట మీద కూర్చుని ఎడమ చుక్కాని విరగ్గొట్టుకుంది. స్పేర్ అంటూ ఒక్కటీ లేదు. విదేశం నుంచి తెప్పించాలంటే నెలలు పడుతుందన్నారు.

"నేను చేస్త," అన్నాను.

కెప్టెన్ ఓంప్రకాష్ నన్ను కిందికీ మీదికీ చూశాడు. జగిత్యాల మనిషే, ఓడల మీద దేశాలు తిరిగినవాడు. "అమావాస్య పోటుకు గాని ఈ పడవ కాలువల నుంచి తేలది. ఆలోపు చేసిస్తే కొచ్చి దాక నిన్ను పనికి తీస్కపోత చెల్లె," అన్నాడు.

నాకు కావలసింది అదొక్కటే. ఎన్ని పడవలకు ముక్కలు అతికించానో, ఒక్కదాని మీదా ఆ ఇసుక మేట దాటి పోలేదు. ఆ రోజే బట్టల సంచి సర్ది షెడ్డు తలుపు వెనక పెట్టాను.

చుక్కానిని నీళ్ళు మెలిపెడతాయి. అందుకని లోపలి గుడ్డ ఐమూలగా పడాలి. పడుగూ పేకా రెండూ అంచుకు వాలుగా ఉంటేనే ఆ మెలికకు ఆగుతుంది. కెప్టెన్ బొమ్మ గీసి మరీ చెప్పాడు. అలాగే ముక్కలన్నీ కోసి పెట్టి, నడుమ పెట్టే ఇనుప కడ్డీ కోసం సచిన్‌లోని లేత్ షాపుకు పోయాను. తిరిగొచ్చేసరికి చుక్కాని రెండు సగాలూ చిప్పల్లా తయారుగా ఉన్నాయి. బాపు పరిచి, రెజిన్ పూసి, పైన తెల్లపూత కూడా వేసేశాడు; లోపలి నేత ఇక కనబడదు. ఒక్క బుడగ లేదు. మురిసిపోయి, కడ్డీ పెట్టి, చిప్పలు మూసి, నున్నగా రుద్ది రంగు వేశాను. కెప్టెన్ చూసి, "శభాష్ చెల్లె!" అన్నాడు.

పోటుకు ముందు రోజు బల్ల కింద ఊడుస్తుంటే ఒక కవరు తగిలింది. విప్పితే నేను ఐమూలగా కోసిన ముక్కలు, అన్నీ చీర మడతల్లా పొందికగా ఉన్నాయి.

"బాపూ, ఇవేంది?"

"అవా? జల్దిల వంకరగ కోసినట్టున్నవ్ బిడ్డా. నేను పడుగు చూస్కొని థాన్‌ల నుంచి సక్కగ కోసి ఏసిన. గుడ్డ ఖరాబ్ గావద్దని మడతబెట్టిన." మొఖం నిండా సంతోషం.

ఏమనాలి ఆయన్ని? పుట్టిన కాన్నుంచి వంకర గుడ్డ కనబడితే సాంచా ఆపిన మనిషి. చెప్పాను. ఆ వంకర కావాలనే కోసిందని తెలిసి బాపు గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

కెప్టెన్‌కూ చెప్పాను. ఆయన చుక్కానిని వేళ్ళతో తట్టి చూశాడు. "ఇంకో పక్కది బాగనే ఉంది గదా. పైలంగ పోదాం. ఈ పోటు తప్పితే పున్నమి దాక ఆగాలె. ఓనరు వేరే మనుషులను పెడ్తడు. నీ సీటు పాయె. మంచిగ ఆలోచించుకో."

ఆలోచించడానికేముంది? నడి సముద్రంలో అది మెలితిరిగితే ఆ సీటును ఏం చేసుకోను! ఒళ్ళు మండిపోయింది. గ్రైండర్ ప్లగ్గు పెట్టి, తెల్లగా మెరుస్తున్న ఆ చుక్కానిని నడిమికి కోసేశాను.

"పిచ్చిగిట్ల లేసిందా నీకు?" కెప్టెన్ అరిచాడు.

"లేసింది. ఇప్పుడు ఎట్ల తీస్కపోతవో తీస్కపో!"

ఆయన విసవిసా వెళ్ళిపోయాడు. దుమ్మంతా దిగాక బాపు లేచి, చేతులకు తొడుగులు వేసుకున్నాడు. ఆ మడతలు విప్పి, ఒక్కో ముక్కా తన చేత్తోనే అచ్చులో ఐమూలగా పరిచాడు. మొదటి వరసకు వేళ్ళు వాటంతటవే గుడ్డను సక్కగా లాగబోయాయి. "థూ, నీ యవ్వ!" అని తన చేతుల్నే తిట్టుకుని మళ్ళీ వంకరగా జరిపాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఒకటి అయ్యాక ఆగలేదు. స్పేర్ లేకనే గదా ఈ తిప్పలన్నీ అని ఇంకొకటి కూడా చేశాం.

పున్నమికి కెప్టెన్ వచ్చాడు. ఓనరు పెడతాడన్న వేరే మనుషులెవరూ వెంట లేరు; తనే వద్దన్నాడట. చుక్కానిని బల్లకు బిగించి, కొసన బరువు వేలాడదీసి, మెలితిరుగుతుందేమోనని వంగి చూశాడు. తిరగలేదు.

"మరి ఈ రెండోది?"

"స్పేర్."

"జాగ లేదు చెల్లె. అదన్న రావాలె, నువ్వన్న రావాలె."

"అది నా పడక మీద పంటది. నేను బయట పంట. ఇంకేమన్న ఉన్నదా?"

కెప్టెన్ నవ్వాపుకోలేకపోయాడు. "సంచి తెచ్చుకో పో," అన్నాడు.

తలుపు వెనక నుంచి సంచి తీసి దుమ్ము దులిపాను. నీళ్ళు పొంగి, పడవ కదిలి, కాలువ మలుపు తిరుగుతుండగా గట్టు మీద నుంచి బాపు కేక వినబడింది.

"బిడ్డా! అది ఇరిగితే నన్ను తిట్టు! ఇరగకుంటే మాత్రం, వంకరగ ఏసింది మా బాపే అని అందరికి చెప్పు!"

"ఇరగది బాపూ!" గొంతు చించుకుని అరిచాను. చుక్కాని చక్రం అప్పటికే నా చేతిలో ఉంది.