గీత ఉన్న చీమ

దీపావళికి సాంచెలు ఆగిపోయాయంటే నేతపేట గోడాదరా గోడాదరాలా ఉండదు. వలస వచ్చి నలభై ఏళ్లు ఆ మరమగ్గాల మోతలోనే తిని, ఆ మోతలోనే పడుకున్న లక్ష్మీరాజానికి ఎవరో చెవుల్లో దూది కుక్కినట్టుంటుంది. సందులో సగం ఇళ్లకు తాళాలు. ఊళ్లకు పోయేవాళ్లు పోయారు. ఈసారి వీళ్లు పోలేదు, కూతురు హారతి పని తెమలలేదని.

హారతి యూనివర్సిటీలో చీమల మీద పరిశోధన చేస్తోంది. చుట్టాలెవరైనా నవ్వితే తల్లి భాగీరథి ఊరుకోదు. "మీ పిల్లలు పొద్దస్తమానం సెల్‌ఫోన్ మీద పరిశోధన చేస్తలేరా? ఇది గంతే" అని నోరు మూయిస్తుంది.

ఇప్పుడు కుట్టుమిషన్ బల్ల మీద సూక్ష్మదర్శిని, పక్కన స్పిరిట్ సీసా. అందులో ఎక్కడో ఆఫ్రికాలో, కామెరూన్ అడవిలో పట్టిన దండుచీమలు. లక్షల్లో బారులు తీరి, దారిలో దొరికినదల్లా తింటూ పోయే జాతి. అందులో ఈ రకానికి ఇంతవరకు ఎవరూ పేరు పెట్టలేదని హారతి నమ్మకం. సెలవులు అయ్యేలోగా తల నుంచి తోక దాకా వర్ణన రాసి పత్రికకు పంపాలి. రాసినవాళ్లలో మొదటి పేరు ఆమెదే. పొద్దుటి నుంచి కూనిరాగం తీస్తూనే ఉంది.

"బాపు, ఇటు రా జర. చీమంటే ఇంతే అనుకుంటవ్ గదా, గిప్పుడు చూడు."

లక్ష్మీరాజం ఆపరేషన్ అయిన కన్ను ఆనించి చూశాడు. సాన పట్టిన చింతగింజలా నున్నటి తల.

"కండ్లేవే వీటికి?"

"లేవు బాపు. వాసన పట్టుకొని పోతయి."

వాసన అనగానే అతని ముక్కుకు గంజి వాసన తగిలింది. సిరిసిల్ల దగ్గర తమ ఊళ్లో, తెల్లారకముందే వాడకట్టు పొడవునా పడుగు సాగదీసి గంజి పట్టించేవాళ్లు. ఎండ ఎక్కేసరికి దారాల మీదికి చీమలు బారు కట్టేవి. వేపరెమ్మతో వాటిని దులిపే పని తనది. దులపకుండా చూస్తూ కూర్చుంటే తల్లి తిట్టేది కాదు. "తాగనీ తియ్, ఎంత తాగుతయి గని" అనేది. ఆ పడుగు పోయింది, ఆ గొంతూ పోయింది. చీమలు మాత్రం ఇక్కడిదాకా వచ్చాయి.

"నడినెత్తిన గీ గీత ఏంది?"

"అదే మెయిన్, బాపు! ఇంకే రకానికీ లేదు. నలభైమూడు చూసిన, అన్నిటికీ ఉంది. పేరు గూడ దాని మీదనే పెట్టిన."

అన్నిటికీ ఉంది. ఆ మాటకు లక్ష్మీరాజం అద్దం మీంచి కన్ను తీశాడు.

ఇదే ఊళ్లో ఖటోదరా పేటలో పనిచేసేటప్పుడు, ఇరవై నాలుగేళ్లకే అతన్ని సాంచె మీంచి తీసి చెకింగ్ బల్ల దగ్గర నిలబెట్టారు. ఆరుగురుండే గదిలో ఆ రోజు అందరికీ జిలేబీ. నెల తిరగకముందే ముప్ఫై తాకాల్లో, ప్రతి బట్ట తాను పొడవునా సన్నటి గీత కనబడింది. ఒకదానికుంటే తప్పు, అన్నిటికీ ఉంటే డిజైన్ అనుకుని పాస్ చేశాడు. ముప్ఫై తాకాలూ ఒక్క సాంచె మీదివని చూసుకోలేదు. దారాల మధ్య దువ్వెనలా ఉండే ఫణిలో ఒక్క పన్ను వంగింది, నేసిన బట్టకల్లా అదే గీత. సరుకు తిరిగొచ్చింది. మర్నాడు బల్ల దగ్గర వేరేవాడు నిలబడి ఉన్నాడు, అంతే.

చెబితే పిల్ల మొహం ఏమవుతుందో అతనికి తెలుసు. చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ ఎత్తి ఖాళీ గ్లాసే తాగాడు.

"బిడ్డా, ఇవన్నీ ఒక్క సాంచె మీదివి కావు గదా?"

"చీమలకు సాంచె ఏంది బాపు?"

"అంటే, ఒక్క తల్లి పిల్లలా అని."

"ఒక్క బారులవే. అన్నీ ఒక్క రాణి బిడ్డలే."

"మరి ఆ ఇంటి పోలికేమో గీత. ఇంకో ఇంట్లవి చూసినవా?"

"అరె, ఇది కపడా కాదు బాపు!" అని విసుక్కుంది. గోరు కొరుక్కుంటూ కాసేపు కూర్చుని, లేచి బ్యాగులోంచి ఇంకో చిన్న సీసా తీసింది. అదే రకమని వేరే చోట పట్టినవి, మూడే. దారిలో నలిగిపోయాయని పక్కన పడేసినవి.

మూడింటి తలలూ చూసింది. దేనికీ గీత లేదు.

హారతి వంటింట్లోకి పోయి నీళ్లపంపు తిప్పింది. భాగీరథి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "పండుగ పూట పిల్లను ఏడిపిస్తివి. నీకు చీమల సంగతి ఎర్కనా?"

"చీమలది ఎర్క లేదు. గీతది ఎర్క. చెకింగ్ బల్ల కాడ నన్ను ముంచింది గదే."

కాసేపటికి హారతి వచ్చి కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "గీత పాయె. చెకింగ్‌ల గీత గాక ఇంకేం చూస్తరు?"

"తాకా తిప్పి అంచు చూస్తం."

ఆమె చీమను పక్కకు పొర్లించింది. నడుము కణుపు కింద వెనక్కి వంగిన చిన్న కొక్కెం. బొమ్మలో గీసింది గానీ, గీత మురిపెంలో పడి దాన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టింది. మిగతా రకాలకు అక్కడ ఉండేది నిటారు ముల్లు.

రెండో సీసాలోవి అద్దం కింద పెట్టి కుర్చీలోంచి లేచింది. "నువ్వే చూడు బాపు. నా కండ్లు ఇప్పుడు ఏది కావాలంటే అదే చూపిస్తయి."

లక్ష్మీరాజం కూర్చున్నాడు. తొందరపడలేదు.

"ఉంది."

ఆమె రెండోది జరిపింది.

"ఉంది. గట్లనే వంకర."

మూడోది చాలాసేపు చూశాడు. "ఇది నడుం కాడనే విరిగింది. చెప్పరాదు."

"రెండిటికీ ఉందంటే దీనికీ ఉన్నట్టే గదా. రాసేస్త."

"కనవడంది పాస్ చెయ్యద్దు. విరిగిందనే రాయి."

హారతి అతని వంక చూసి, విరిగిందనే రాసింది. వర్ణన మొదటికి పోయి, గీత మీద పెట్టిన పేరు కొట్టేసింది. ఆ చోటు ఖాళీగానే ఉంచింది.

"మొదటి సీసలవి నలభైమూడూ మళ్లీ తిప్పి చూడాలె" అంది. "నాలుగు రోజుల పని. కూసుంటవా?"

అతను కుర్చీ బల్లకు దగ్గరగా లాక్కున్నాడు.