చెట్టురసం కారే రోజు

ఏవిస్ లారీ ముందర మంచు తోసే ఇనప రెక్కను కాస్త పైకెత్తి, వంతెన పక్క ఇంటివాళ్ళ ఉత్తరాల డబ్బాను తప్పించి, మళ్ళీ దించింది. ఆ డబ్బాను ఇదివరకటి డ్రైవర్లు ఏటా ఒకసారైనా గుద్ది పడేసేవారు. ఏవిస్ వచ్చాక దానికి ఆ గండం తప్పింది. రాత్రి కురిసిన మంచు పైన మెత్తగా, కింద గడ్డకట్టి ఉంది. రెక్క దాన్ని గీరుకుంటూ పోతుంటే లారీ మొత్తం వణికింది. ఆ వణుకు ఆమె నడుములోంచి పైకెక్కి మెడ దగ్గర ఆగింది. పొట్టి మనిషి, గట్టి మనిషి. కుడి భుజం ఎడమ భుజం కంటే కొంచెం కిందికి జారి ఉంటుంది. చలికి పగిలిన బుగ్గలు, ముక్కు కొన మీద ఎప్పుడూ ఎండని చెమ్మ. నెరిసిన జడను టోపీలోకి దోపుకుని ఉంది. దూరం నుంచి చూస్తే లారీ తనంతట తానే నడుస్తోందని అనుకునేవారు ఊళ్ళో కొత్తవాళ్ళు.

కొండ మలుపులో తమ ఇల్లు వచ్చింది. ఇంటి వెనక మేపుల్ చెట్ల తోట, తోట అంచున ఆ చెట్ల తియ్యటి రసాన్ని పాకం కాచే షెడ్డు. షెడ్డు ముందు ఓరిన్ కట్టెలు పేరుస్తున్నాడు. ఏవిస్ లారీ ఆపి అద్దం దించింది.

"ఏమయ్యా, సూదిమందు వేయించుకునేది ఎల్లుండే. గుర్తుందా?"

"గుర్తులేకపోతే నువ్వు బతకనిస్తావా?" అన్నాడు ఓరిన్. చేతులు చంకల్లో దాచుకున్నాడు. కీళ్ళవాతంతో వేళ్ళ కణుపులు ఉబ్బి, పొద్దున పూట గుప్పిట తెరుచుకోవడమే కష్టం. నెలనెలా పడే ఆ సూదిమందు వల్లే ఈమాత్రం బర్మా పట్టుకుని చెట్టుకు చిల్లు పెట్టగలుగుతున్నాడు. "ఇవాళ ఎండొస్తుందే. మధ్యాహ్నానికి రసం దూకుతుంది చూడు."

"ఇవాళ ఊరి సభ కూడా. నువ్వు రావాలి."

"ఆ వైద్యం చట్టం గొడవేనా? ఊరి వాళ్ళ సొమ్ముతో నా చేతికి సూదేంటి? నాకొద్దు."

"ఇప్పుడు వేసుకుంటున్న సూది ఎవరి సొమ్మనుకున్నావ్? ఊరిదే. మధ్యలో నా నడుము ఒకటి అదనం, అంతే తేడా," అని అద్దం పైకెత్తేసి బండి కదిలించింది.

ఆమె అన్నది నిజమే. ఈ దేశంలో జబ్బుచేస్తే ఖర్చు పెట్టుకునేది బీమా, ఆ బీమా ఇచ్చేది ఉద్యోగం. సొంత తోట ఉన్నవాడికి ఉద్యోగం ఎక్కడిది? విడిగా కొనుక్కోబోతే తోట అమ్ముకోవాలి. అందుకని ఆ కొండల్లో ప్రతి రైతు ఇంట్లోనూ ఒకరు తోట చూసుకుంటారు, ఇంకొకరు బీమా చూసుకుంటారు. భార్యాభర్తలు ఒకే పని చేసుకునే ఇల్లు కనబడితే, వాళ్ళు చాలా ధనవంతులైనా అయి ఉండాలి, చాలా మొండివాళ్ళైనా అయి ఉండాలి.

ఏవిస్ తోటలో పుట్టిన మనిషి. బాణలిలో పాకం ఎప్పుడు దించాలో నురుగు వాసనను బట్టి చెప్పేది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ షెడ్డులోనే తిని, షెడ్డులోనే కునుకు తీసి, ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ పాకం కాచారు. తరవాత ఓరిన్ వేళ్ళు వాచాయి. ఊరి రోడ్ల శాఖలో లారీ నడిపే ఉద్యోగం ఖాళీ అయింది. ఒక్క రెండు శీతకాలాలు చేస్తానని చేరింది. ఇరవై ఏళ్ళు దాటాయి. రసం కారే నెల, రోడ్లు బురదయ్యే నెల ఒకటే కావడం ఆమె ఖర్మ. ఏటా ఆ నెలంతా కంకర తోలుతూ, తన షెడ్డు మీద లేచే ఆవిరిని లారీ అద్దంలోంచి చూస్తూ దాటిపోయేది. అలా దాటినప్పుడల్లా అద్దం కాస్త దించి ఆ వాసన పీల్చేది. ఆ దిగులు ఎవరితో చెప్పుకుంటుంది?

మార్చి మొదటి మంగళవారం ఊరి సభ. ఓటున్న ప్రతి ఒక్కరూ సభా భవనంలో ఇనప కుర్చీల్లో కూర్చుని రోడ్డు నుంచి శ్మశానం కంచె దాకా అన్నీ తామే తేలుస్తారు. మధ్యలో భోజనం. ఏవిస్ భవనం ముందు మంచు తోసి, బూట్లు దులుపుకుని లోపలికొచ్చి ఎప్పటిలా చివరి వరుసలో కూర్చుంది. ఆ సభలో ఆమె ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. వంటగదిలోంచి బెల్లమూ పందిమాంసమూ వేసి ఉడికించిన చిక్కుడుగింజల వాసన వస్తోంది.

మొదట ప్రిసిల్లా లేచింది. దాణా కొట్టు నడుపుతుంది, రాష్ట్ర శాసనసభలో ఈ ఊరి తరఫు సభ్యురాలు కూడా.

"ఆరోగ్య బిల్లు మా కమిటీలో ఉందని అందరికీ తెలుసు. ఉద్యోగం ఉన్నా లేకున్నా, రాష్ట్రంలో ఉండే ప్రతి మనిషి వైద్యానికీ రాష్ట్రమే నేరుగా డబ్బు కడుతుంది. బీమా కంపెనీలు ఉండవు. దానికి అందరం పన్ను కట్టాలి. కమిటీ సగానికి సగం చీలింది. మిగిలింది నా ఓటు. నాకు రాత్రిళ్ళు నిద్రలేదు. మీరు ఏమంటే అదే వేస్తాను. రెండేళ్ళుగా వద్దనే అన్నారు. ఇవాళ మళ్ళీ అడుగుతున్నాను," అంది.

అది చర్చల వరసలో ఆఖరి అంశం. భోజనాల తరవాత వస్తుంది.

కంకర ధర మీద వాదన మొదలైంది. మోరీ గొట్టం ఇనపదా, ప్లాస్టిక్కుదా అన్న దగ్గర ఇద్దరు బావమరుదులు మాటామాటా అనుకున్నారు. ఇంతలో కిటికీల మీద ఎండ పడింది. చూరు నుంచి వేలాడే మంచు ఊచలు చుక్కలు కార్చడం మొదలుపెట్టాయి. కుర్చీల్లో ఉన్న తోటల వాళ్ళు ఒక్కొక్కరే కిటికీ వైపు మెడ తిప్పుతున్నారు. ఒకడు టోపీ చేతిలోకి తీసుకున్నాడు. ఇంకొకడు కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

ఏవిస్ ఆ టోపీనీ ఆ కోటునీ చూసింది. క్రితం రెండేళ్ళూ ఇదే జరిగింది. భోజనం ఇలా ముగియగానే తోటలున్నవాళ్ళంతా రసం పట్టుకోవడానికి పరుగెత్తారు. ఆ చట్టం ఎవరికి కావాలో వాళ్ళు బకెట్ల దగ్గర ఉన్నారు, అక్కర్లేనివాళ్ళు తీరిగ్గా కూర్చుని వద్దని ఓటేశారు. ఆ తరవాత ఏడాది పొడుగునా తోటల వాళ్ళే ప్రిసిల్లాను తిట్టుకున్నారు. వెర్రి జనం! తను మాత్రం? రెండేళ్ళూ బురద రోడ్డు పిలిస్తే వెళ్ళిపోయింది కదా.

ఈసారి కూడా వీళ్ళు వెళ్ళిపోతే బిల్లు పోయినట్టే. అదే జరిగితే ముసలివాళ్ళకిచ్చే సర్కారు బీమా అందే అరవై ఐదేళ్ళ దాకా ఈ లారీయే. అప్పటికి ఓరిన్ వేళ్ళు ఎలా ఉంటాయో, అసలు షెడ్డు ఉంటుందో లేదో.

ఆమె లేచి నిలబడింది. సభ నడిపే మోడరేటర్ వెండెల్ కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఏమ్మా ఏవిస్, రోడ్డు మీద ఏదైనా ప్రమాదమా?"

"రోడ్డుకేం కాలేదు. ఆఖరి అంశం ఇప్పుడే తీసుకోండి. భోజనానికి ముందు."

సభ మొత్తం వెనక్కి తిరిగింది. వంటగది గుమ్మంలోంచి బెర్నీస్ గరిటెతో సహా బయటికొచ్చింది. "ఒసే ఏవిస్, నీకేమైనా పిచ్చా? చిక్కుళ్ళు అడుగంటుతాయే!"

"నీళ్ళు పొయ్యవే! చిక్కుళ్ళు ఆగుతాయి, రసం ఆగుతుందా? తిన్నాక ఇక్కడ మిగిలేదెవరు? చెట్లు లేనివాళ్ళేగా!"

కోటు బొత్తాలు పెట్టుకుంటున్నవాడు చేతులాపి, "నిజమేనయ్యా, నేను బలపరుస్తున్నా," అన్నాడు. వెండెల్ చేతులెత్తమన్నాడు. చేతులు బాగానే లేచాయి. బెర్నీస్ విసవిసా లోపలికెళ్ళి నీళ్ళు పోసింది.

హోలిస్ లేచాడు. కంకర క్వారీ యజమాని. చెడ్డవాడు కాదు, కాకపోతే నోరు పెద్దది. "మన వంతెన బాగుచెయ్యడానికి రాజధాని వాళ్ళకి ఆరేళ్ళు పట్టింది. ఇప్పుడు నా గుండెకాయ కూడా వాళ్ళ చేతికే ఇమ్మంటారా?" అన్నాడు. సభ గొల్లుమంది. ఏవిస్‌కు కూడా నవ్వొచ్చింది. ఆ ఆరేళ్ళూ వంతెన మీద రోజూ గుంతలు లెక్కపెట్టుకున్నది తనే మరి.

నవ్వు ఆగాక ఆమె ఇంకా నిలబడే ఉంది. "హోలిస్, నీ ఇంటి ముందు మంచు తోసేది ఎవరు?"

"నువ్వే. బాగానే తోస్తావ్ కూడా."

"నీకొక బండి, నాకొక బండి ఉందా? అందరం కలిసి ఒక్కటి కొన్నాం. నీ గుమ్మం ముందు ఎక్కువ పడింది, ఎక్కువ ఇమ్మని ఎప్పుడైనా అడిగానా?"

"మంచుకీ మోకాలికీ ముడిపెట్టకు తల్లీ. మంచు కరుగుతుంది. పన్ను కరగదు."

మళ్ళీ నవ్వులు. ఏవిస్ ముఖం ఎర్రబడింది. ఇక వాదించడం తన వల్ల కాదనిపించింది. "నాకు లెక్కలు తెలీవు హోలిస్. నేను ఈ లారీ ఎక్కుతోంది జీతం కోసం కాదు, బీమా కార్డు కోసం. మా ఇల్లు దాటుకుంటూ రోజూ పోతాను. లోపల మా ఆయన ఒక్కడే పాకం కాస్తుంటాడు. నాకు ఇంటికెళ్ళాలనుంది, అంతే," అని కూలబడింది.

హోలిస్ టోపీ సర్దుకుని కూర్చున్నాడు.

వెండెల్ కావాలన్నవాళ్ళని గొంతెత్తమన్నాడు, వద్దన్నవాళ్ళని గొంతెత్తమన్నాడు. రెండు కేకలూ ఒక్కలాగే వినబడ్డాయి. "నిలబడండి, లెక్కపెడతాం," అన్నాడు. కావాలన్నవాళ్ళు లేచారు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఏవిస్ లేచి ముందున్న వీపుల్ని చూస్తోంది. సగం ఉన్నారా, లేరా?

సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. ఓరిన్. కోటు మీద జిగట మరకలు, గడ్డం నిండా పొగవాసన. ఏటా భోజనం వేళకు వచ్చి తిని వెళ్ళిపోవడం అతని అలవాటు. వడ్డన లేకపోగా అందరూ నిలబడి ఉండడం చూసి గుమ్మంలోనే బిత్తరపోయి ఆగాడు. ముందున్నవాడు అతని చెవిలో ఏదో చెప్పాడు. ఓరిన్ ఏవిస్ వైపు చూశాడు. ఏవిస్ చూపు తిప్పుకుంది. పొద్దున అతనన్న మాట ఆమెకు గుర్తుంది.

"ఓరిన్! నువ్వు ఓటుకి నిలబడ్డావా, కుర్చీ దొరక్క నిలబడ్డావా?" అని వెండెల్ కేకేశాడు.

పక్కనే ఖాళీ కుర్చీ ఉంది. ఓరిన్ దానివంక చూశాడు. వాచిన చేత్తో దాన్ని వెనక్కి నెట్టాడు. "నిలబడ్డానయ్యా. లెక్కేసుకో."

ఆరుగురి తేడాతో నెగ్గింది. ప్రిసిల్లా కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది. భోజనాల దగ్గర బెర్నీస్ ఏవిస్ పళ్ళెంలో అడుగంటిన చిక్కుళ్ళే వెతికి వేసింది. "నీకివే. తిను," అంది. అంటూనే పక్కన యాపిల్‌పళ్ళు పెట్టి కాల్చిన తీపి రొట్టె ముక్క పెద్దది పెట్టింది.

"నీకేం పుట్టింది ఇవాళ?" అని ఏవిస్ మొగుణ్ణి అడిగింది.

ఓరిన్ చిక్కుళ్ళను పళ్ళెంలో ఓ పక్కకి జరిపాడు. "ఒక్కణ్ణే కాచి కాచి విసుగొచ్చిందే. నురుగు పొంగినప్పుడు 'చూడవే' అనడానికి పక్కన ఎవరూ ఉండరు. కుక్కతో ఎంతని చెప్పను?"

ఏవిస్ తన తీపి రొట్టెలో పెద్ద సగం అతని పళ్ళెంలోకి తోసింది. అప్పుడే డ్వేన్ నుంచి కబురొచ్చింది, మిల్లు రోడ్డు బురదయిందట. రోడ్ల శాఖలో ఆమెకు పై అధికారి అతనే. ఆమె కోటు వేసుకుని లారీ ఎక్కింది. సాయంత్రం దాకా కంకర పోసింది. ఇల్లు దాటేటప్పుడు షెడ్డు మీద ఆవిరి తెల్లగా లేస్తోంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆమె లారీలో కూనిరాగం తీసింది.

చట్టమంటే ఒక్క రోజులో అయ్యేదా? ప్రిసిల్లా ఓటేసింది, బిల్లు కమిటీ దాటింది. పై సభలో ఓసారి ఇరుక్కుంది, గవర్నరు బల్ల మీద మరోసారి నానింది. చివరికి సంతకమైంది. అమలుకు మరో రెండు శీతకాలాలు పట్టాయి. హోలిస్ ఇప్పటికీ పన్ను గురించి సణుగుతూనే ఉంటాడు. మోకాలికి ఆపరేషన్ చేయించుకుని వచ్చాక మాత్రం సణుగుడు కొంచెం మెత్తబడింది.

ఒక ఫిబ్రవరి చివర, మంచు లేని తేటపొద్దున, ఏవిస్ డ్వేన్ చేతిలో తాళాలు పెట్టింది. కేకు తెప్పిస్తాను, ఒక్క గంట ఆగమని అతను బతిమాలాడు. "రసం దూకుతోంది నాయనా, కేకు మీరు తినండి," అని ఆమె కొండ రోడ్డెక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు. మధ్యాహ్నం ఆ దారిన పోయినవాళ్ళకు షెడ్డులోంచి ఇద్దరు పోట్లాడుకుంటున్న గొంతులు వినబడ్డాయట, పాకం దించమని ఒకరు, ఇంకాసేపు ఆగమని ఒకరు.

ఆమె స్థానంలో రోలాండ్ చేరాడు. తాటిచెట్టంత మనిషి. మొదటి రోజు లారీ ఎక్కి కూర్చోగానే తల పైకప్పుకు కొట్టుకుంది. తిట్టుకుంటూ కిందికి చెయ్యి పెట్టి చూస్తే సీటు మీద మందపాటి దిండు ఉంది. ఓరిన్ పాత ఉన్ని చొక్కాలు కత్తిరించి కుట్టింది. రోడ్డు కనబడాలంటే ఏవిస్‌కు దాని మీద కూర్చోక తప్పేది కాదు. అతను దాన్ని బయటికి విసిరేయబోయి, ఎందుకో మనసొప్పక, పక్క సీటులో పెట్టుకున్నాడు. ఎర్ర గళ్ళ దిండు, నడిమధ్య ఇంకా పొంగని గుంటతో, అతని పక్కనే కూర్చుని రోడ్డు మీద మంచు తొయ్యడానికి వెళుతూ ఉంటుంది.