ఖాళీ సీసాలో మరక

చెల్లెలు మామగారికి పాలలో పాషాణం కలిపిందని కేసు పెట్టారు. అన్నయ్య రసాయన శాస్త్రం బోధించేవాడు. కోర్టు తరఫున పరీక్ష చేసిందేమో అతనికి ఆ విద్య నేర్పిన గురువుగారే.

చనిపోయిన పెద్దాయన కడుపులోంచి తీసిన నమూనాను జింకు ముక్కలూ ఆమ్లమూ ఉన్న సీసాలో వేశారు. బుసబుస పొంగిన వాయువును సన్నటి గాజు గొట్టంలోకి పంపి, ఆ గొట్టాన్ని దీపం మీద కాచారు. మంట దాటిన చోట, గొట్టం లోపల, అద్దంలా మెరిసే నల్లటి మరక తేలింది. పాషాణం, అంటే ఆర్సెనిక్, ఉంటేనే వచ్చే మరక అది.

దాన్ని చూశాక, చెల్లెలే విషం పెట్టిందని అన్నయ్య కూడా నమ్మేశాడు. కొన్నాళ్లపాటు జైలు ఛాయలకే వెళ్లలేదు.

తీర్పు దగ్గరపడుతుంటే ఉండబట్టలేక గురువుగారింటికి వెళ్లాడు. నమూనా వేయకుండా, ఉత్త జింకూ ఆమ్లంతో కూడా కాచి చూశారా అని అడిగాడు. చూశాను, ఏమీ రాలేదని ఆయన కసిరారు. ఎంతసేపు కాచారని అడిగేసరికి మాత్రం తడబడ్డారు. కాసేపు చూసి ఆపేశారట. మిగిలిన జింకు ఇమ్మని అన్నయ్య కాళ్లావేళ్లా పడ్డాడు. నా పరువు తీయడానికే వచ్చావా అంటూనే, ఆయన దిమ్మలోంచి ఒక పెచ్చు విరిచి బల్ల మీద పడేశారు.

అన్నయ్య ఇంటికొచ్చి కాచిన మొదటి గొట్టం పుటుక్కున పగిలింది. నమూనా ఏదీ వేయకుండా, ఆ జింకూ ఆమ్లమూ మాత్రమే ఉన్న సీసాకి రెండోది బిగించి, దీపం ముందు కూర్చున్నాడు. చాలాసేపటికి గొట్టంలో పొగచూరినట్టు ఒక నలుపు తేలింది. అప్పుడు గాని ఏడుపు రాలేదు అతనికి.

మర్నాడు జడ్జిగారు ఆ గొట్టాన్ని ముట్టుకోనైనా లేదు. తోబుట్టువు చేసిన పరీక్ష చెల్లదన్నారు.

"నన్ను నమ్మొద్దండీ. మా గురువుగారినే చేయమనండి. ఆయన జింకు, ఆయన చేతులు. నేను దగ్గరికి కూడా రాను," అని దణ్ణం పెట్టాడు.

జడ్జిగారు ఒప్పుకున్నారు. గురువుగారు ఉత్త జింకూ ఆమ్లంతో కోర్టు హాల్లోనే దీపం వెలిగించారు. ఎంతకీ ఏమీ రాలేదు. జనం విసుక్కున్నారు, సర్కారు ప్లీడరు లేచి ఇక చాలన్నాడు. బోనులో చెల్లెలు కళ్లు మూసుకుంది. గురువుగారు మాత్రం దీపం ఆర్పలేదు. కాసేపటికి గొట్టం మీదికి వంగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ వంగారు.

"పాషాణం నా జింకులోనే ఉంది. నేనిచ్చిన సాక్ష్యం చెల్లదు," అన్నారు.

అయితే పెద్దాయన కడుపులో విషం లేనట్టేనా అని జడ్జిగారు అడిగారు. తెలియదన్నారాయన. మళ్లీ చూద్దామంటే నమూనా చుక్క కూడా మిగల్లేదు. ఆమె విషం పెట్టలేదని ఎవరూ అనలేదు. పెట్టిందనడానికి రుజువు లేదని వదిలేశారు, అంతే.

బయట చెల్లెలి భర్త ఆమె వైపు చూడకుండానే బండెక్కి వెళ్లిపోయాడు. బండి మలుపు తిరిగేదాకా ఆమె గేటు పట్టుకుని నిలబడింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"జైలుకి రాలేదేం అన్నయ్యా? నువ్వూ నమ్మావా?"

అతనికి అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నమ్మానమ్మా," అన్నాడు.

ఆమె గేటు వదిలింది.

"నువ్వు నమ్మావని అమ్మకి మాత్రం చెప్పకు," అని నడక మొదలుపెట్టింది.