వీపు మీద దాత పేరు

తాండూరు పాత బస్టాండు వెనక, దానంగా వచ్చిన పాత సామాను అమ్మడానికి ఊరి పెద్దల కమిటీ పెట్టిన చేయూత దుకాణంలో లేని వస్తువంటూ లేదు. జార్లు లేని మిక్సీలు, సిలబస్ మారి అయిదేళ్లయిన గైడ్లు, ఒంటి చెప్పులు, నడవని గోడగడియారాలు. తాండూరు పెద్దమనుషుల చేతికి ఎముక లేదు, ఇంట్లో చెత్త పేరుకుపోయినప్పుడు మరీను. దాన్నంతా దులిపి, మడతపెట్టి, వచ్చినవాళ్లకు అమ్మేది యాలాల్ నుంచి రోజూ బస్సెక్కి వచ్చే కొండమ్మ. జీతం లేదు. కమిటీవాళ్లు దాన్ని స్వచ్ఛంద సేవ అంటారు. అమ్మగా వచ్చిన డబ్బులతో ఒక వ్యాను నడుస్తుంది. తాండూరులో వంతు దొరకని ఏడుగురు కిడ్నీ పేషంట్లను వారానికి రెండుసార్లు వికారాబాద్ తీసుకెళ్లి, డయాలసిస్ అయ్యాక ఇంటి దగ్గర దింపుతుంది. వాళ్లలో కొండమ్మ భర్త మల్లప్ప ఒకడు.

నిజం చెప్పాలంటే ఆ వ్యాను మిక్సీల మీద నడవలేదు, శాలువాల మీద నడిచింది. మనవైపు ఎవరు రిటైరైనా, ఎవరు బదిలీ అయినా, ఎవరూ ఏమీ కాకపోయినా ఒక శాలువా కప్పాల్సిందే. కమిటీ అధ్యక్షుడు, పప్పు మిల్లు వెంకటయ్యకు కప్పినన్ని ఊళ్లో ఎవరికీ కప్పలేదు. బీరువా తలుపు పడటం లేదని భార్య ఈశ్వరమ్మ పోరు పెడితే, ఫోటో దిగి మరీ దుకాణానికి ఇచ్చేశాడు. అత్త సొమ్ము అల్లుడు దానం. అది చూసి మిగతా పెద్దలూ తమవి తెచ్చిపడేశారు. సన్మానాలు చేసేవాళ్లు వచ్చి సగం ధరకు కొనుక్కుపోయేవారు. కప్పించుకున్నవాళ్లు నెల తిరక్కుండా మళ్లీ దుకాణానికే దానం చేసేవారు.

కొండమ్మది గొర్రెలు కాసి, గొంగళ్లు నేసిన ఇల్లు. అంచు పట్టుకుంటే చాలు, ఏ శాలువా ఎన్నోసారి వచ్చిందో చెప్పగలదు. ఒక ఆకుపచ్చ శాలువా ఆమె చేతిమీదుగా ఆరుసార్లు పోయి ఆరుసార్లు వచ్చింది. "గొర్లు మేతకు పోతయి, పొద్దుమీకంగ మందకొస్తయి" అని మల్లప్పకు చెప్పి నవ్వేది తప్ప బయట నోరు విప్పలేదు. ఎవరి గౌరవం వాళ్లకు దక్కుతోంది, వ్యానుకు డీజిల్ దొరుకుతోంది, ఇక ఎవరికేం నష్టం?

చల్లగా సాగుతున్న బండికి వెంకటయ్యే అడ్డం పడ్డాడు. ఏదో గుడికి వెళ్లి, ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు చూసి వచ్చాడట. కమిటీ మీటింగులో లేచి నిలబడ్డాడు.

"ఇచ్చినోని పేరు కనవడకపోతే గది దానమెట్లయితది? ప్రతి శాలువా మీద దాత పేరు కుట్టియ్యాలె. మూలకు గాదు, నడుమ. ఫోటోల పడాలె."

అందరూ శాలువాలు ఇచ్చినవాళ్లే కనుక అందరూ చప్పట్లు కొట్టారు. తలుపు దగ్గర నిలబడ్డ కొండమ్మ ఒక్కతే నోరు తెరిచింది.

"పటేలా, మీ పేరుంటె ఇంకొకలకు ఎట్ల కప్పుతరు? ఎవ్వరు కొనరు."

"నీకు దెల్వదు కొండమ్మా. నా పేరు జూసి ఎగవడి కొంటరు."

నాలుగు వేళ్ల మందం ఎర్ర అక్షరాలతో, సరిగ్గా వీపు మీదికి వచ్చేలా, 'దాత: వెంకటయ్య' అని కుట్టారు. ఆయన వెనక మిగతావాళ్లవి. ఆ తర్వాత దుకాణం గడప తొక్కినవాడు లేడు. ఒక హెడ్మాస్టరు రిటైర్మెంటుకని వచ్చిన టీచర్లు శాలువా విప్పి చూసి, "మా సారును మిల్లుకు అమ్మినట్టున్నది గదమ్మా" అని వెళ్లిపోయారు.

మూడు వారాలు గడిచాయి. శనివారం సాయంత్రం వ్యాను డ్రైవరు సంతోష్ వచ్చి తల గోక్కున్నాడు.

"కొండమ్మక్కా, డీజిల్ అయిపోయింది. పంపుల ఉద్దెర ఇస్తలేరు. సోమవారం బండి కదలదు."

ఒక్క విడత తప్పితే మల్లప్ప కాళ్లు ఎలా ఉబ్బుతాయో, పడుకుంటే ఊపిరి ఆడక ఎలా లేచి కూర్చుంటాడో కొండమ్మకు తెలుసు. పరుగున మిల్లుకు పోయింది. విషయం విని వెంకటయ్య చెయ్యి ఊపాడు.

"ఫికర్ జేయకు. వచ్చే నెల వార్షికోత్సవం పెడుతున్నం. దాతలు మస్తు ప్రకటిస్తరు."

"వచ్చే నెల దాక మా ఆయన ఉండాలె గద పటేలా."

వెంకటయ్యకు అప్పుడే ఫోను వచ్చింది. ఆమె దండం పెట్టి బయటికి వచ్చింది.

ఆదివారం పొద్దున, నాపరాళ్లు తోలే లారీవాడొకడు దుకాణం ముందు ఆగాడు. అద్దం తుడుచుకోవడానికి గుడ్డ కావాలన్నాడు. వాడే వెతికి వెంకటయ్య శాలువా లాగాడు. "గిది మెత్తగున్నది" అని ఇరవై రూపాయలు చేతిలో పెట్టి, అక్కడే అద్దానికి పట్టించాడు. 'దాత: వెంకటయ్య' పైకీ కిందికీ పోతూ దుమ్ము మింగుతుంటే కొండమ్మకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచన వచ్చింది.

ఉన్న శాలువాలన్నీ తెచ్చి, పేర్లు రోడ్డువైపు ఉండేలా దుకాణం ముందు తీగె మీద ఆరేసింది. అట్టముక్క మీద సంతోష్‌తో రాయించి తగిలించింది: 'బండ్లు తుడిచే గుడ్డలు. ఒకటి ఇరవై.'

ముందుగా చిక్కినవాడు ఎరువుల దుకాణం నర్సప్ప. వెంకటయ్య పేరు చూసి స్కూటరు ఆపి, పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నాలుగో శాలువా దగ్గరికి వచ్చేసరికి తన పేరే కనబడింది.

"ఏందమ్మా గిది? తియ్యి తియ్యి! ఇంద ఇరవై."

"ఇరవై రేటు బండ్లు తుడిచెటోళ్లకే, అన్నా. మీ పేరును మీకే ఇరవైకి అమ్మితె మీ ఇజ్జత్ ఏంగావాలె? అయిదొందలు."

నర్సప్ప నాలుగువైపులా చూశాడు. టీకొట్టు దగ్గర జనం చూస్తున్నారు. గుట్టుచప్పుడు కాకుండా ఇచ్చి, శాలువా చంకలో పెట్టుకున్నాడు. కానీ తానొక్కడే మునగడం ఆయనకు ఇష్టం లేదు, అందరికీ ఫోన్లు చేశాడు. పన్నెండయ్యేసరికి పెద్దమనుషులంతా తమ తమ పేర్లు విడిపించుకోవడానికి వరుసగా నిలబడ్డారు. మూడు వారాలుగా ఈగలు తోలిన దుకాణంలో నిలబడటానికి చోటు లేదు.

చివరగా వెంకటయ్య కారు వచ్చింది. ముందు ఈశ్వరమ్మ దిగింది.

"మా ఇంటి పేరు తోటి లారీలు తుడుస్తరా?"

"పేరు జూసి ఎగవడి కొంటరని పటేలే చెప్పిండు గదమ్మా" అంది కొండమ్మ, మర్యాదగానే.

ఆయనవి పదిహేడు తేలాయి. పదిహేడూ కొన్నాడు. రెండు నెలల డీజిల్ ఒక్క పూటలో వచ్చింది. ఈశ్వరమ్మ శాలువాలను డిక్కీలో కుక్కుతూ మొగుణ్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

అంతమంది ముందు పోయిన పరువును వెంకటయ్య అక్కడే రాబట్టుకోవాలనుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"కొండమ్మ సేవ మెచ్చదగ్గది! వార్షికోత్సవంల ఆమెకు సన్మానం చేస్తున్నం. శాలువా మీద ఆమె పేరు గూడ పెద్దక్షరాలతోటి కుట్టిస్త!"

అందరూ చప్పట్లు కొట్టారు. కొండమ్మకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి.

"నా పేరెందుకు పటేలా? రేపు పొద్దుగాల సంతోష్ బండి కాడ ఏడు పేర్లు పిలుస్తడు. ఏడుగురు పలకాలె. నాకు గంతే గావాలె."

చప్పట్లు ఆగిపోయాయి. మూడేళ్లుగా అధ్యక్షుడిగా ఉన్న వెంకటయ్య పక్కకు వంగి, నర్సప్ప చెవిలో మెల్లగా అడిగాడు.

"ఏడు పేర్లేంది?"