గుటక వినిపించాలండీ

ఏసుదాసుకి మే నెల్లో చలేసింది.

రాజోలు పక్కన శివకోడులో ఆ రోజు కొబ్బరిచెట్ల నీడన కుక్కలు నాలుకలు బయటపెట్టుకుని పడున్నాయి. ఏసుదాసు మాత్రం వసారాలో స్వెట్టరేసుకుని, దాని మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ళు కువైట్‌లో క్రేను నడిపి, అక్కడి ఎండకే బెదరని మనిషి. ఇప్పుడు గొంతు బొంగురుపోయింది, మొహం ఉబ్బింది, ఏ పని మొదలెట్టినా మధ్యలో నిద్ర ముంచుకొచ్చేస్తోంది. చర్చిలో ప్రసంగమప్పుడు కునుకు తియ్యడం ఆయనకి కొత్తేం కాదు గానీ, ఓ ఆదివారం అందరితోపాటు నిలబడి పాట పాడుతూ పాడుతూ నిద్రపోయేడు. దాంతో భార్య సువార్తమ్మ హడిలిపోయి అమలాపురం తీసుకెళ్ళింది.

డాక్టరుగారు రక్తపరీక్ష కాగితం చూసి, "టీఎస్‌హెచ్ అరవై రెండుందండీ. నాలుగో అయిదో ఉండాల్సింది. థైరాయిడ్," అన్నారు.

"అది ఆడోళ్ళకి కదండీ వచ్చేది?" అన్నాడు ఏసుదాసు.

"మీ మెడలో గ్రంథికి ఆ సంగతి తెలీదండీ," అన్నారాయన మందు రాస్తూ. "రోజూ పొద్దున్నే పరగడుపున ఓ మాత్ర. వేసుకున్నాక అరగంట, ముప్పావుగంట దాకా కాఫీ లేదు, టిఫినూ లేదు."

ఊళ్ళో ఎవరడిగినా బీపీ అని చెప్పమన్నాడు ఏసుదాసు. సువార్తమ్మ ఆయ్ అంది. రెండ్రోజులు తిరక్కుండా ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పి, సంగతి కనుక్కొచ్చింది. రాజోల్లో చర్చి వెనకాల హాల్లో శనివారం సాయంత్రం పూట థైరాయిడ్ వాళ్ళు కలుసుకుంటారట. ఒకళ్ళ బాధ ఒకళ్ళు చెప్పుకుంటారట, ఒకళ్ళనొకళ్ళు కనిపెట్టుకునుంటారట.

"అందరూ ఆడోళ్ళేనంట కదా," అన్నాడు ఏసుదాసు.

"ఎలాగూ దుప్పటి కప్పుకునే ఉంటున్నారు కదండీ. మీరెవరో వాళ్ళకి తెలిసేసరికి మీటింగయిపోద్ది," అంది సువార్తమ్మ.

హాల్లో ఇరవైమంది ఆడవాళ్ళున్నారు. ఒక్కటే ఫ్యాను. గ్రంథి మందగించినవాళ్ళు ఎడంపక్క, గ్రంథి జోరెక్కినవాళ్ళు కుడిపక్క. సంఘంలో వాళ్ళని స్లోవాళ్ళు, ఫాస్టువాళ్ళు అంటారు. స్లోవాళ్ళకి చలి, ఫాస్టువాళ్ళకి ఉక్క. అందుకని పది నిమిషాలు ఫ్యాను వేస్తారు, పది నిమిషాలు ఆపుతారు. వేసినప్పుడు ఎడంపక్కవాళ్ళు కొంగులు కప్పుకుంటారు, ఆపినప్పుడు కుడిపక్కవాళ్ళు రిపోర్టులతో విసురుకుంటారు. ఫోన్లో అలారం పెట్టుకుని స్విచ్చి దగ్గర నిలబడేది సత్యదుర్గ, సంఘం కార్యదర్శి. గ్రామ సచివాలయంలో ఉద్యోగం. రూలు లేకపోతే ఆవిడకి ఊపిరాడదు.

"స్లోనా, ఫాస్టా?" అనడిగింది ఏసుదాసుని.

"స్లో అండీ," అన్నాడాయన తలొంచుకుని.

ఎడంపక్క ఓ పెద్దావిడ జరిగి చోటిచ్చింది. పేరు అప్పాయమ్మ. అరవయ్యెనిమిదేళ్ళు. "మగవాళ్ళూ మనుషులే కదండీ, వస్తాయి," అని ఆయన ఫోను నంబరు చిన్న పుస్తకంలో రాసుకుంది.

మర్నాడు పొద్దున్న సరిగ్గా అయిదున్నరకి ఫోను మోగింది.

"హలో, శివకోడా? ఏసుదాసుగారేనా? మాత్ర వేసుకోండి."

"ఆయ్, వేసుకుంటానండీ," అని పెట్టెయ్యబోయేడు.

"పెట్టెయ్యకండి. నేను లైన్లోనే ఉంటాను. గుటక వినిపించాలండీ."

ఏసుదాసు లేచి, మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసుడు నీళ్ళు తాగేడు.

"అవి ఉత్త నీళ్ళండీ," అంది అప్పాయమ్మ. "మాత్ర బుగ్గలో ఉండిపోయింది. ఇంకో గుటక."

నిజంగానే బుగ్గలో ఉంది. ఏసుదాసుకి ఒళ్ళు జలదరించింది, ఈసారి చలికి కాదు. అప్పాయమ్మ ముప్పైమూడేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసిందనీ, రాజోలు నుంచి ట్రంకు కాల్ మాట్లాడేవాళ్ళ ఊపిరిని బట్టి అవతల చెప్తున్నది చావు కబురో పెళ్ళి కబురో పట్టేసేదనీ తర్వాత తెలిసింది. రోజూ పొద్దున్న సంఘం మొత్తానికి వరసగా ఫోన్లు చేస్తుంది. ఎవరి గుటక ఎలా ఉంటుందో ఆవిడకి కంఠతా. మూడు నెల్లు తిరిగేసరికి ఏసుదాసు టీఎస్‌హెచ్ పధ్నాలుగుకి దిగింది. గొంతు కూడా కొంచెం మనిషి గొంతులాగ వచ్చింది.

నాలుగో నెల్లో అసలు గొడవొచ్చింది. ఓ లేబ్ వాళ్ళు హాలుకొచ్చి అందరికీ ఉచితంగా పరీక్ష చేసేరు. సత్యదుర్గ రిపోర్టులు ఒక్కోటీ పైకి చదివింది.

"అప్పాయమ్మగారు, రెండు పాయింట్ ఒకటి!" అంది. అందరూ చప్పట్లు కొట్టేరు. "భలే కంట్రోలండీ. మీరు రోజుకెంత వేస్తున్నారు?"

"ఏం వేస్తున్నానండీ?"

"మాత్రండీ."

"నేనెందుకండీ వేసుకోడం? నాకు థైరాయిడ్ లేదు," అంది అప్పాయమ్మ.

చప్పట్లు ఆగిపోయేయి. అప్పటికి ఫ్యాను ఆపి పావుగంటయింది. కుడిపక్కవాళ్ళు కూడా గమనించలేదు.

"నాలుగేళ్ళుగా వస్తున్నారు కదండీ!" అంది సత్యదుర్గ.

"మా తోటికోడలికి తోడొచ్చేనండీ మొదటిసారి. తలుపు దగ్గర పేరడిగేరు, చెప్పేను. రాసుకున్నారు. తోటికోడలు తర్వాత మండపేట వెళ్ళిపోయింది. నేను మానలేదు. జబ్బుందా అని నన్నెవరూ అడగలేదండీ."

హాలంతా గోలయిపోయింది. మన బాధలన్నీ విందే, జుట్టూడిపోతోందని ఆవిడ దగ్గర ఏడ్చేమే, ఇన్నాళ్ళూ జబ్బు లేకుండా మన మధ్య కూర్చుందే అన్నారు కొందరు. "జబ్బు లేదంటే సంతోషించాలి గానీ తిట్టడమేంటండీ" అన్నారు ఇంకొందరు. సత్యదుర్గ రూలు పుస్తకం తీసింది. సభ్యులు థైరాయిడ్ రోగులై ఉండవలెను అని మొదటి పేజీలోనే ఉంది. వచ్చే శనివారం ఓటింగ్ అని ప్రకటించింది.

ఆ శనివారం అప్పాయమ్మ గోడవార ఓ కుర్చీలో అందరికీ ఎదురుగా కూర్చుంది. వాదన గంటన్నర సాగింది. ఏసుదాసు కిటికీ పక్కన, చెయ్యెత్తి ఊచ పట్టుకుని కూర్చున్నాడు. అప్పాయమ్మ ఉండాలనే ఆయన మనసులో ఉంది. లేచి నాలుగు మాటలు మాట్లాడాలనుకుని, ఆ మాటలు కూడగట్టుకుంటూనే నిద్రపోయేడు. ఆవిణ్ణి తీసెయ్యాలన్నవాళ్ళు చేతులెత్తండి అంది సత్యదుర్గ. తొమ్మిది చేతులు లేచేయి. కిటికీ దగ్గరది పదోది. వద్దన్నవాళ్ళు తొమ్మిదిమంది. కార్యదర్శి ఓటెయ్యకూడదు. అప్పాయమ్మ సంచీ తీసుకుని, అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

లేపి సంగతి చెప్పేసరికి ఏసుదాసు నెత్తి బాదుకున్నాడు. "నేను ఓటెయ్యలేదండీ, ఊచ పట్టుకున్నాను!"

"చెయ్యి లేచిందా లేదా అన్నదే రికార్డండీ," అంది సత్యదుర్గ. "ఊచ గురించి రూల్లో లేదు."

ఆ తర్వాత సంఘం నెల్లాళ్ళలో కూలబడింది. సత్యదుర్గ వాట్సాప్‌లో గ్రూపు పెట్టి, అయిదున్నరకి "మాత్ర" అని మెసేజి పెట్టేది. జవాబుగా ఇరవై గులాబీపువ్వులు, గుడ్ మార్నింగులు వచ్చేవి, మాత్ర సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. ఒకావిడ అప్పాయమ్మలాగే తన నంబరుకి తనే ఫోన్ చేసుకుని, రోజూ ఎంగేజ్ వస్తోందని కంప్లయింటిచ్చింది. ఏసుదాసు కాఫీ తాగేసి, ఇడ్లీ తినేసి, పదింటికి మాత్ర సంగతి గుర్తొచ్చి సువార్తమ్మ వైపు చూసేవాడు. ఆవిడ పెదవి విరిచేది. స్లోవాళ్ళంతా ఇంకా నిదానమైపోయేరు. ఓ శనివారం నాలుగింటికి మొదలవ్వాల్సిన మీటింగు, స్లోవాళ్ళు నడిచొచ్చేసరికి అయిదున్నరయింది. అప్పటికి ఫాస్టువాళ్ళు ముగించుకుని వెళ్ళిపోయేరు.

చివరికి సత్యదుర్గే ఏసుదాసుని పక్కకి పిలిచింది. ఆవిడ మొహం కూడా ఉబ్బి ఉంది. "వెళ్ళి తీసుకురండి. నేను చెప్పేనని మాత్రం చెప్పకండి."

అప్పాయమ్మ ఇంటికి తాళం ఉంది. శనివారాలు పి.గన్నవరం వెళ్తోందని పక్కింటివాళ్ళు చెప్పేరు. ఏసుదాసు, సువార్తమ్మ ఆటో ఎక్కి వెళ్ళేరు. అక్విడెక్టు వంతెన దాటేక ఓ కొబ్బరికాయల గోడౌన్లో, కాయల గుట్టల మధ్య ముప్పైమంది కూర్చుని ఉన్నారు. నడిమధ్యన అప్పాయమ్మ, మెళ్ళో బంతిపూల దండ.

"ఏంటండీ ఇది?" అన్నాడు ఏసుదాసు గుమ్మం దగ్గరున్నాయనతో.

"సుగర్ సంఘమండీ," అన్నాడాయన. రిటైరైన డ్రిల్లు మాస్టారు, పేరు వీర్రాజు, సంఘానికి అధ్యక్షుడు. "అమ్మగారు మా మెంబరు."

"ఆవిడకి సుగర్ ఉందాండీ?"

"లేదండీ. మేం ముందే అడిగేం. లేకపోవడమే మంచిదన్నాం. ఉన్నవాళ్ళం ముప్పైమందిమున్నాం కదండీ, ఒకళ్ళకి లేకపోతే మిగతావాళ్ళని చూసుకుంటారు." వీర్రాజు ఛాతీ విరుచుకున్నాడు. "పొద్దున్నే ఫోన్ చేస్తారు. సూది గుచ్చుకున్నప్పుడు 'అబ్బా' అన్నది వినిపిస్తేనే ఫోను పెట్టేస్తారు. సాయంత్రం కూడా చేస్తారండోయ్. నమిలే చప్పుడు బట్టి ఏం తింటున్నామో చెప్పేస్తారు. ఆవిడొచ్చేక మా సంఘంలో పూతరేకు ముట్టినవాడు లేడు."

మీటింగయ్యేక ఏసుదాసు అప్పాయమ్మ దగ్గరికెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను మీకు వ్యతిరేకంగా ఓటెయ్యలేదండీ. నిద్రపోయేను."

"తెలుసండీ. గురక వినిపించింది," అంది అప్పాయమ్మ.

"మరి అప్పుడే చెప్పలేదేంటండీ?"

"లేపి మిమ్మల్ని నాకు ఓటెయ్యమని అడగడం ఏం బావుంటుందండీ. పైగా రోజూ పొద్దున్నే మిమ్మల్ని లేపేది నేనే కదా." ఆవిడ దండ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "రిటైరయ్యేక ఏడేళ్ళు మా ఇంటి ఫోను మోగలేదండీ. ఉద్యోగంలో రోజుకి మూడొందలమంది నన్ను హలో అనేవారు. మీ సంఘంలో చేరేకే మళ్ళీ పొద్దున్న ఓ పనుండేది. జబ్బు లేదని బయటికి పంపేస్తారని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ ఒక్కటే కష్టమనిపించింది."

ఏసుదాసుకి కళ్ళు చెమర్చేయి. సువార్తమ్మ ఆవిడ పక్కన బస్తా మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. "వచ్చెయ్యండి పిన్నిగారూ. ఈయన్ని లేపడం నా వల్ల కావట్లేదు. నా మాటకి ఆయన గుటక పడట్లేదండీ."

అప్పాయమ్మ నవ్వింది. కానీ వీర్రాజు అడ్డొచ్చేడు. ఆవిణ్ణి వదిలేది లేదన్నాడు. బతిమాలేరు, వినలేదు. వచ్చే శనివారం సత్యదుర్గ సంఘాన్నంతా వెంటబెట్టుకుని స్వయంగా రావలసొచ్చింది. రెండు సంఘాలూ కొబ్బరికాయల మధ్య ఎదురెదురుగా కూర్చున్నాయి. బదిలీ కుదరదని వీర్రాజు భీష్మించుకున్నాడు. సత్యదుర్గ చాలాసేపు ఆలోచించి, "అయితే డెప్యుటేషన్," అంది. ఆ మాట విని వీర్రాజు మెత్తబడ్డాడు. ముప్పయ్యేళ్ళు ప్రభుత్వోద్యోగం చేసిన మనిషి, ఆ మాటని కాదనలేకపోయేడు.

"నన్నెవరైనా అడుగుతారాండీ?" అంది అప్పాయమ్మ.

అందరూ ఆవిడ వైపు తిరిగేరు.

"థైరాయిడ్‌కి అయిదున్నర, సుగర్‌కి ఏడు. మధ్యలో గంటన్నర ఉంది, నేను కాఫీ తాగాలి. ఆదివారాలు కూడా చేస్తాను. కానీ ఎవరూ నన్ను రిపోర్టడక్కూడదు."

ఒప్పుకున్నారు. రాజోలు హాల్లో మొదటి పేజీలో రూలు మార్చడానికి మళ్ళీ ఓటింగ్ పెట్టేరు. ఈసారి సత్యదుర్గ ముందుగా ఏసుదాసు దగ్గరికొచ్చి, భుజం తట్టి, మెలకువగా ఉన్నాడని రాసుకుని, అప్పుడు లెక్కపెట్టింది. అందరి చేతులూ లేచేయి.

తర్వాత సత్యదుర్గ అప్పాయమ్మ పేరు రిజిస్టర్లో ఎక్కించడానికి కూర్చుంది. పేరు, వయసు, ఊరు, ఫోను నంబరు. జబ్బు అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది.

"ఖాళీగా వదిలెయ్యండమ్మా," అంది అప్పాయమ్మ.

"గడి ఖాళీగా ఉండకూడదండీ, ఆడిట్లో పట్టుకుంటారు," అంది సత్యదుర్గ. ఆ సంఘానికి ఆడిట్ అన్నది ఎప్పుడూ జరగలేదు. ఆవిడ చాలాసేపు గడి వైపు చూసి, అందంగా, గుండ్రటి అక్షరాలతో "ప్రస్తుతానికి లేదు" అని రాసింది.

"ప్రస్తుతానికి ఏంటండీ?" అంది అప్పాయమ్మ కంగారుగా.

"మాకు ఆశ ఉండాలి కదండీ," అని సత్యదుర్గ రిజిస్టరు ఆవిడ ముందుకి జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది.